శివరాత్రి తిరునాళ్ల, రంజాన్ నెలవంక: మహానందికి ఢిల్లీ వార్త ఎలా చేరుతుంది

మహానంది కోనేట్లో నీళ్లు ఏ కాలంలో చూసినా దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి. అడుగున పడ్డ నాణెం కూడా కనబడేంత తేట. నల్లమల కొండల పాదాల దగ్గర పుట్టే ఈ ఊట గుడి గుండాల్లోంచి బయటికి వచ్చి, కాలువల్లో పడి చుట్టుపక్కల సుమారు 2,000 ఎకరాలకు పారుతుందని చెబుతారు. ఆ తడి మీద పెరిగే పంటల్లో ఈ ప్రాంతానికి పేరు తెచ్చింది అరటి. శివరాత్రి ఉపవాసం ఉన్నవాళ్ల చేతిలోని అరటిపండు, సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలోని నంద్యాలలో మగ్రిబ్ అజాన్ వేళ ఖర్జూరం పక్కన పెట్టే అరటిపండు, రెండూ ఒకే తోటవి కావచ్చు.

2024 నుంచి మూడేళ్ల పాటు ఈ రెండు అవసరాలూ ఒకే వారంలో వచ్చాయి. 2024లో మార్చి 8న శివరాత్రి, మార్చి 12న తొలి రోజా. 2025లో ఫిబ్రవరి 26న శివరాత్రి, మార్చి 2న తొలి రోజా. 2026లో ఫిబ్రవరి 15న శివరాత్రి అయితే, ఆ వారంలోనే రంజాన్. జాగారం చేసినవాళ్లు నిద్ర తీర్చుకునేలోపే పక్క వీధిలో సహరీకి దీపాలు వెలిగాయి.

చాలామంది దీన్ని యాదృచ్ఛికం అనుకున్నారు. కొందరు టీవీ చర్చల్లో "సామరస్యానికి సంకేతం" అన్నారు. సంకేతం సంగతి ఎలా ఉన్నా, దీని వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క 2027లో మారుతోంది. మారితే దెబ్బ పడేది తిరునాళ్లను, రంజాన్ బజారును రెంటినీ నమ్ముకుని బతికే వాళ్ల మీద. గాజులు అమ్మేవాళ్లు, షామియానాలు, మైకు సెట్లు అద్దెకిచ్చేవాళ్లు, వంటవాళ్లు, నాటకాల వాళ్లు, సన్నాయి వాళ్లు. అందుకే ముందు లెక్క చూద్దాం.

అమావాస్యకు ఇటు ఒకరు, అటు ఒకరు

తెలుగువాళ్ల నెల అమావాస్యతో ముగుస్తుంది. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి, అంటే నెల చివర, అమావాస్యకు ముందటి రాత్రి. చంద్రుడు దాదాపు కనబడని రాత్రి అది. హిజ్రీ నెల మొదలయ్యేది అమావాస్య దాటాక, సాయంత్రం పడమట సన్నని నెలవంక కంటికి కనబడినప్పుడు. పల్లెల్లో "నెల పొడుపు" అనేది దాన్నే. సాధారణంగా అది విదియ నాటి చంద్రుడు.

చతుర్దశి, అమావాస్య, పాడ్యమి, విదియ. మధ్యలో ఉన్నది మూడు నాలుగు రోజులే. కాబట్టి ఏ ఏడాదైనా సరే, శివరాత్రి అయిన మూడు నాలుగు రోజులకు ఏదో ఒక హిజ్రీ నెల మొదలవుతుంది. ఇందులో వింతేమీ లేదు, ఇద్దరూ చూస్తున్నది ఒకే చంద్రుణ్ని. తేడా ఏమిటంటే ఒకరు చంద్రుడు మాయమయ్యే రాత్రిని పట్టుకున్నారు, ఇంకొకరు తిరిగి కనబడే సాయంత్రాన్ని.

మరి మొదలయ్యే ఆ నెల రంజానే ఎందుకు అయింది? ఇక్కడే అధికమాసం వస్తుంది. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే 354 రోజులు. సూర్యుడి లెక్కలో ఏడాదికి 365. ఈ పదకొండు రోజుల తేడాను హిజ్రీ పంచాంగం పట్టించుకోదు. అందుకే రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ ఎండాకాలంలోంచి చలికాలంలోకి, చలికాలంలోంచి వానల్లోకి తిరుగుతుంటుంది. తెలుగు పంచాంగం అలా వదిలేయదు. వదిలేస్తే సంక్రాంతి దాటాక రావలసిన శివరాత్రి కొన్నేళ్లకు దసరా రోజుల్లో పడుతుంది. అందుకని రెండున్నర, మూడేళ్లకొకసారి ఒక నెల అదనంగా చేర్చి లెక్క సరిచేస్తుంది.

2023లో అధిక శ్రావణం వచ్చింది. తర్వాతి అధికమాసం 2026లో, అధిక జ్యేష్ఠం. ఈ రెంటి మధ్య మూడు శివరాత్రులు ఉన్నాయి. ఆ మూడేళ్లలో తెలుగు పంచాంగం కూడా అదనపు నెల లేకుండా పదకొండేసి రోజులు ముందుకు జరిగింది, రంజాన్‌తో కలిసి నడిచింది. 2023లో ఫిబ్రవరి 18న శివరాత్రి వస్తే రంజాన్ మార్చి 24న గానీ రాలేదు. మధ్యలో షబాన్ నెల ఉండింది. అధిక శ్రావణం పడగానే ఆ ఎడం మాయమైంది.

ఇలాంటి కలయిక సుమారు 33 ఏళ్లకు ఒకసారి వస్తుంది. 1990ల మొదట్లోనూ ఇలాగే వచ్చింది.

ఇదే లెక్క ఉగాదికీ పనిచేస్తుంది. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి, అంటే నెలవంక కనబడే ముందటి రోజు దాదాపుగా. శివరాత్రి రంజాన్‌కు ముందు వచ్చిన ఏడాదిలో, నెల తర్వాత వచ్చే ఉగాది ఈద్‌కు ముందే వస్తుంది. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న ఈద్. 2025లో మార్చి 30న ఉగాది, 31న ఈద్. దేవుని కడప గుడికి ఉగాది నాడు ముస్లింలు వెళ్లి మొక్కుకోవడం తరతరాలుగా ఉన్న ఆచారం. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని, వేంకటేశ్వరుడు తమ ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం. ఆ ఉగాదులు రంజాన్ చివరి రోజుల్లో పడ్డాయి కాబట్టి రోజా ఉన్నవాళ్లు రోజాతోనే ఆ గుడి మెట్లు ఎక్కాల్సి వచ్చింది. ప్రతి ఉగాదికీ టీవీల్లో వచ్చే ఆ దృశ్యం వెనక ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

"చాంద్ కనబడిందా?"

తేదీ లెక్కతో తెలిసినా, పండుగ లెక్కతో రాదు. కంటికి కనబడాలి. దీని గురించే ఏటా జాతీయ వార్త ఒకటి నంద్యాల, కర్నూలు, కడప ఇళ్లలోకి వస్తుంది. సౌదీలో కనబడిందని ముందురోజు ఫోన్లలో మెసేజీలు మొదలవుతాయి. తర్వాత ఢిల్లీ జామా మసీదు, లక్నో చాంద్ కమిటీ, హైదరాబాద్ రూయతే హిలాల్ కమిటీ ప్రకటనలు. వీటన్నిటికీ ముందే కేరళ తన నిర్ణయం తాను తీసుకుంటుంది. 2024లో కేరళలో ఈద్ ఏప్రిల్ 10న జరిగితే ఆంధ్ర, తెలంగాణల్లో 11న జరిగింది. కింది స్క్రోలింగ్‌లో "రేపే ఈద్" అని చూసి, అది ఎక్కడి సంగతో చూడకుండా సేమ్యాలకు పరిగెత్తినవాళ్లు ఆ సాయంత్రం తక్కువేమీ కాదు.

ఇది వినడానికి సరదాగా ఉంటుంది గానీ, వంటవాళ్లకు సరదా కాదు. ఈద్ రోజు బిర్యానీకి మాంసం ఎప్పుడు కొనాలి, పాలు ఎన్ని లీటర్లు చెప్పాలి, పందిరి ఏ రోజుకు వేయాలి అన్నది రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటల దాకా తేలదు. తిరునాళ్ల వంటకు ఆ బాధ లేదు. పంచాంగం ఏడాది ముందే తేదీ చెప్పేస్తుంది. అన్నదానం చేయించే సత్రాలు, సంఘాలు బియ్యం, కందిపప్పు, బెల్లం వారాల ముందే దించుకుంటాయి. ఒకే వంట మేస్త్రీ రెండు చోట్లా ఒప్పుకున్నాడంటే మొదటిది పక్కా తేదీ, రెండోది చంద్రుడి దయ.

తిండి విషయంలో ఈ రెండు రోజుల పోలికలు పైపైనవి కావు. శివరాత్రి ఉపవాసానికి రాయలసీమ ఇళ్లలో ఉడకబెట్టిన గెనుసుగడ్డలు, అరటిపళ్లు, ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు. ఇఫ్తార్ పళ్లెంలో గెనుసుగడ్డ ఉండదు, మిగతా మూడూ ఉంటాయి. దాంతో ఆ వారం పండ్ల బండ్ల దగ్గర గిరాకీ ఒకటి ముగియకముందే ఇంకొకటి మొదలవుతుంది. జాగారం ముగిసిన తెల్లవారుజామున టీ కొట్ల దగ్గర బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తారు, పక్కన మిరపకాయ బజ్జీ. సాయంత్రం మసీదుల్లో పెద్ద డేగిశాల్లో గంజి కాస్తారు. చిత్తూరు, కడప వైపు రంజాన్ గంజి లేకుండా ఇఫ్తార్ ఊహించలేరు. ఈ మధ్య హలీం బట్టీలు కూడా జిల్లా పట్టణాలకు వచ్చేశాయి. హైదరాబాదీ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన తర్వాత పేరు ఇంకా పెరిగింది, పేరుతో పాటు ధరా పెరిగింది. గంజికి అలాంటి గుర్తింపేమీ లేదు. బహుశా అందుకే అది ఇంకా ఊరికే పెడుతున్నారు.

పది గంటల తర్వాత హరిశ్చంద్రుడు

జాగారం రాత్రి మేలుకోవడానికి కళలే దిక్కు. సీమ ఊళ్లలో చెక్కభజన, కోలాటం, హరికథ, పద్యనాటకం. పద్యనాటకాల్లో "సత్య హరిశ్చంద్ర"ది ప్రత్యేక స్థానం. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ఆ నాటకంలో కాటి సీను వచ్చేసరికి అర్ధరాత్రి ఎప్పుడో దాటిపోయి ఉండేది. ఆ సీనులో గుర్రం జాషువా శ్మశాన పద్యాలు పాడటం ఆనవాయితీ అయిపోయింది. దళిత కవి పద్యాలు, కాటికాపరి వేషంలో రాజు నోట, శివుడి పండుగ రాత్రి. హార్మోనియం మీద రాగం తీస్తుంటే జనం వన్స్‌మోర్ కొట్టి అదే పద్యాన్ని మళ్లీ పాడించుకునేవాళ్లు.

ఇప్పుడు మైకు పెట్టి ఆడితే హరిశ్చంద్రుడు కాటికి చేరడమే కష్టం. కారణం 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు. మైకు పెట్టాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగ ప్రదేశంలో మైకు వాడకూడదు. నాలుగు గోడల మధ్య ఉండే ఆడిటోరియాలు, ఫంక్షన్ హాళ్లకు మినహాయింపు ఉంది. షామియానాకు గోడలు లేవు కాబట్టి దానికి లేదు. సాంస్కృతిక, మతపరమైన పండుగల కోసం రాష్ట్ర ప్రభుత్వం రాత్రి పన్నెండు దాకా పొడిగించవచ్చు, అదీ ఏడాది మొత్తంలో పదిహేను రోజులకు మించకుండా. ఈ నిబంధనలను 2005లో సుప్రీంకోర్టు గట్టిగా సమర్థించింది.

పదిహేను రోజులు వినడానికి ఎక్కువే అనిపిస్తుంది. వినాయక చవితి, దసరా, క్రిస్మస్, డిసెంబర్ 31, ఉరుసులు, మొహర్రం రాత్రులు అన్నీ అందులోంచే పంచుకోవాలి. పోనీ శివరాత్రికి ఒకటి దక్కిందే అనుకుందాం. పన్నెండుకు మైకు ఆపాలి. లింగోద్భవ కాలం సరిగ్గా ఆ వేళకే. జాగారంలో ముఖ్యమైన ఘట్టం మొదలయ్యే సమయానికి నిబంధన ప్రకారం గొంతు తగ్గించాలి.

2022 ఏప్రిల్, మే నెలల్లో మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్ నుంచి మైకుల వార్తలు రోజూ వచ్చాయి. ఆ చర్చ అంతా మసీదు మినార్ మీది మైకు చుట్టే తిరిగింది. తెల్లవారుజాము అజాన్ ఆరు గంటలకు ముందే వస్తుంది, సహరీకి లేపే ప్రకటనలు ఇంకా ముందు. అవి నిబంధన కిందికి వస్తాయన్నది నిజమే. అదే నిబంధన జాగారం భజనకూ, జాతర నాటకానికీ, ఉరుసులో ఖవ్వాలీకీ, గుడి సుప్రభాతానికీ వర్తిస్తుందన్నది కూడా అంతే నిజం. ఆ రెండో ముక్క టీవీల్లో పెద్దగా వినబడలేదు. వినబడి ఉంటే చర్చ "ఎవరి మైకు" అని కాక "రాత్రంతా నడిచే మన కళలను ఏం చేద్దాం" అని మారేది. ఎందుకంటే ఇక్కడ రెండు సంగతులూ నిజమే. పరీక్షలకు చదువుకునే పిల్లలు, జబ్బుపడ్డ పెద్దలు ఉన్న ఊళ్లో రాత్రంతా మైకు మోగడం బాధే. ఎనిమిది గంటల నాటకాన్ని రెండు గంటలకు కోసేస్తే అది నాటకంగా మిగలదన్నదీ బాధే.

అమలు మాత్రం ఊరికో రకం. ఫిర్యాదు వచ్చేదాకా ఎవరూ పట్టించుకోని చోట్లు ఉన్నాయి, పదిన్నరకే కరెంటు వైరు పీకించే చోట్లూ ఉన్నాయి. దీంతో నాటక సమాజాలు తమంతట తామే కుదించుకున్నాయి. పూర్తి నాటకం బదులు ఒక్కో సీను, అందులోనూ జనం అడిగే పద్యాలు. ఖవ్వాలీ పార్టీలూ అంతే, ఇషా నమాజు తర్వాత మొదలుపెట్టి గంటన్నరలో సర్దేయాలి. రంజాన్‌లో తరావీహ్ కూడా ఉంటుంది కాబట్టి ఆ గంటన్నరా మిగలదు.

సన్నాయి ఎవరిది

ఆంధ్రలో నాదస్వరం విద్వాంసుల పేర్లు చూస్తే షేక్ అనే మాట పదేపదే వస్తుంది. దూదేకుల కుటుంబాల్లో ఎన్నో తరాలుగా ఇదే వృత్తి. ప్రకాశం జిల్లా కరవదికి చెందిన షేక్ చినమౌలానా శ్రీరంగం వెళ్లి స్థిరపడి, రంగనాథస్వామి సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అప్పుడు దేశమంతా "గుళ్లో వాయించే ముస్లిం దంపతులు" అని ఆశ్చర్యపోయింది. తెలుగు పల్లెల్లో పెళ్లికీ, కల్యాణానికీ సన్నాయి విన్నవాళ్లకు అందులో ఆశ్చర్యపోవడానికేమీ లేదు.

లెక్క మారితే ఈ కళాకారుల మీద పడే భారం వేరు. 2024 నుంచి 2026 దాకా శివరాత్రి సేవలు ముగించుకున్న మూడు నాలుగు రోజులకు రోజాలు మొదలయ్యాయి. ఊపిరి తీసుకునే వ్యవధి ఉంది. 2027లో అలా ఉండదు. ఆ ఏడాది శివరాత్రి మార్చి 6న, శనివారం. అధిక జ్యేష్ఠం దాన్ని వెనక్కి నెట్టేసింది. రంజాన్ మాత్రం ఎప్పటిలాగే ముందుకు జరిగి ఫిబ్రవరి 8న గానీ 9న గానీ మొదలవుతుంది. అంటే బ్రహ్మోత్సవాల వాద్యమంతా రోజాతోనే. మార్చి నాటికి నంద్యాల ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నోటితో తడిపి, ఊపిరి బిగబట్టి గంటల తరబడి ఊదే వాద్యం అది, గొంతు ఎండితే మొదట తెలిసేది వాయించేవాడికే.

ఇంకో సంగతి. తెలుగువాళ్లకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, హిజ్రీ రోజు సూర్యాస్తమయంతో. అందుకే 27వ రాత్రి అంటే 26వ రోజా విడిచిన తర్వాత వచ్చే రాత్రి. మన దేశంలో ఎక్కువమంది షబే ఖద్ర్‌గా జాగారం చేసేది ఆ రాత్రే. 2027లో తొలి రోజా ఫిబ్రవరి 9న అయితే, మార్చి 6 సాయంత్రం మొదలయ్యేది సరిగ్గా ఆ 27వ రాత్రి. తొలి రోజా 8న అయితే షబే ఖద్ర్ మార్చి 5 రాత్రికి జరుగుతుంది, శివరాత్రి దాని మర్నాడు. ఏది అవుతుందో ఫిబ్రవరి 7 సాయంత్రం పడమటి ఆకాశం చెప్పాలి. ఒకే రాత్రి అయితే కోనేటి గట్టు మీదా, మసీదు వరండాలోనూ తెల్లవార్లూ మేలుకునేవాళ్లు ఉంటారు. రెండు చోట్లా పోలీసు బందోబస్తు కావాలి, రెండు చోట్లా తెల్లవారుజామున తిండి కావాలి.

గాజుల పెట్టె ఎటు మోయాలి

తిరునాళ్లలో గాజులు, పూసలు, బొమ్మలు, అత్తరు, మిఠాయి అమ్మేవాళ్లలో ముస్లింలు చాలామంది. వాళ్లకు ఏడాదిలో రెండు పెద్ద సీజన్లు. ఒకటి శివరాత్రి తిరునాళ్లలు, రెండోది రంజాన్ చివరి పది రోజుల రాత్రి బజారు. గడిచిన మూడేళ్లు ఇవి వరుసగా వచ్చాయి. తిరునాళ్లలో అమ్ముకుని, ఆ డబ్బుతో కొత్త సరుకు తెచ్చి, ఈద్ బజారుకు కూర్చునే వీలు ఉండింది. 2027లో ఈద్ మార్చి 10 లేదా 11. అంటే తిరునాళ్ల, ఈద్ బజారు రెండూ ఒకే వారం. మార్చి 6 రాత్రి పెట్టె మహానందిలో దించాలా, నంద్యాల బజారులో దించాలా? అన్నదమ్ములు ఉన్న ఇంట్లో చెరో చోట కూర్చోవచ్చు. ఒక్కడే సంపాదించే ఇంట్లో ఏదో ఒకటి వదులుకోవాలి. సరుకుకు పెట్టుబడి కూడా ఒకేసారి కావాలి, అంటే వడ్డీకి తేవాలి. 2028, 2029 శివరాత్రులూ ఇంతే, ఈద్‌కు మూడు నాలుగు రోజుల ముందే వస్తాయి.

షామియానా, మైకు సెట్ల వాళ్ల పరిస్థితి దీనికి అద్దం. గిరాకీ ఒకే వారంలో కుప్పపడితే ఉన్న సామాను చాలదు, మిగతా నెల ఖాళీ. అరటి రైతుకు మాత్రం ఇది మేలుకు రావచ్చు, రావకపోనూ వచ్చు. రెండు గిరాకీలు ఒకేసారి వస్తే ధర లేస్తుంది. గెల కోతకు వచ్చే సమయం ఆ వారానికి కుదిరినవాడికే లాభం. గెల చేతికి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది కాబట్టి 2027 మార్చికి ఏ తోట అందుకుంటుందో 2026లో పిలకలు నాటినప్పుడే సగం తేలిపోతుంది.

అమ్మేవాళ్ల విషయంలో ఇంకో జాతీయ వార్త ఉంది, అది ఈ జిల్లాదే. శ్రీశైలం ఇప్పటి నంద్యాల జిల్లాలోనే ఉంది. దేవస్థానాల దుకాణాల వేలంలో హిందువులు కానివాళ్లు పాల్గొనకూడదని 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. శ్రీశైలంలో ఏళ్ల తరబడి దుకాణాలు నడుపుకుంటున్న ముస్లిం వ్యాపారులకు దాంతో దారి మూసుకుపోయింది. హైకోర్టు 2019లో ఉత్తర్వును సమర్థించింది. సుప్రీంకోర్టు 2020 జనవరిలో దాని అమలును ఆపింది. 2021 డిసెంబర్‌లో, మతం కారణంగా ఎవరినీ వేలం నుంచి, లీజు నుంచి తప్పించవద్దని ఆదేశించింది. గుడి ఆవరణలో మద్యం, జూదం వద్దనడం వేరు, పూలు, బొమ్మలు అమ్మేవాడి మతం అడగడం వేరు అన్న అర్థంలో ధర్మాసనం చేసిన వ్యాఖ్య అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

తర్వాత 2024 జూలైలో ఉత్తరాది కావడ్ యాత్ర దారిలో హోటళ్ల ముందు యజమానుల పేర్లు రాయాలన్న ఆదేశాలు, వాటి మీద సుప్రీంకోర్టు స్టే అందరూ చూశారు. ఆ వార్త చూసి ఇక్కడి చిరువ్యాపారుల్లోనూ ఒక భయం పుట్టడం సహజం. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. దేవస్థానం స్థలంలోని దుకాణానికి వేలం, లీజు ఉంటాయి. సుప్రీంకోర్టు 2021 ఆదేశం వాటి గురించి. బయట రోడ్డు పక్కన తాత్కాలికంగా పెట్టే తోపుడుబండి, నేల మీద పరిచే దుప్పటి లెక్క వేరు. అక్కడ పంచాయతీ వసూలు చేసే రుసుముకు రసీదు తీసుకోవడం ముఖ్యం. రసీదు ఉన్నవాణ్ని లేపాలంటే కారణం చెప్పాలి. లేనివాణ్ని లేపడానికి ఒక కేక చాలు.

ముందుగా చేయగలిగినవి

తేదీలు ఇప్పటికే తెలుసు కాబట్టి కొన్ని పనులు కష్టం కాదు. మైకు పొడిగింపు రోజుల జాబితా రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. 2027లో శివరాత్రి, షబే ఖద్ర్ ఒకే రాత్రి లేదా పక్కపక్క రాత్రులు అని ముందే చెబితే, పదిహేనులో ఒకటి రెండు రోజులతో రెండు వర్గాల అవసరమూ తీరుతుంది. విడివిడిగా అడిగితే రెండు ఫైళ్లు, కలిసి అడిగితే ఒకటే. నాటక సమాజాలు కోరాల్సింది ఇంకొకటి ఉంది. గోడలున్న హాళ్లకు రాత్రి నిబంధనలో మినహాయింపు ఉంది కాబట్టి, తిరునాళ్ల జరిగే ఊళ్లలో కల్యాణ మండపాన్ని ఆ ఒక్క రాత్రికి ఇప్పించమని. మైకు లేకుండా పద్యం పాడగల గొంతులు ఇంకా ఉన్నాయి గానీ, ఆరుబయట వేలమంది మధ్య అది వినబడదు.

వ్యాపారులకు పనికొచ్చేది రాత్రి బజారు. ఈద్ బజారు నంద్యాలకే పరిమితం కానక్కర్లేదు. మార్చి 6 రాత్రి మహానందికి వేలమంది వస్తారు. ఆ జనంలో చుట్టుపక్కల ఊళ్ల ముస్లిం కుటుంబాలూ ఉంటాయి, తిరునాళ్ల చూడటానికి అందరూ వస్తారు కాబట్టి. శివరాత్రి గాజులతో పాటు ఈద్ గాజులూ అక్కడే పెడితే ఒక పెట్టెతో పని జరుగుతుంది. ఇఫ్తార్‌కు నీళ్లు, నాలుగు ఖర్జూరాలు, కూర్చోవడానికి కాస్త చోటు ఉంటే చాలు. ఆ సాయంత్రం సూర్యాస్తమయం సుమారు ఆరూ ఇరవై అయిదుకు.

ఫిబ్రవరి 7న నెలవంక కనబడితే తొలి రోజా 8న. కనబడకపోతే 9న. హైదరాబాద్ ప్రకటన వచ్చేదాకా కేరళ స్క్రోలింగ్ చూసి ఎవరూ తొందరపడకపోతే మంచిది.